గివ్ ఎ హెడ్స్-అప్: ముందుగా ఒక మాట చెవిన వేయడానికి ఇంగ్లిష్‌లో సరైన పద్ధతి

కొన్నేళ్ల క్రితం హైదరాబాదులో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, కొత్తగా చేరిన కుర్రవాడొకడు విదేశంలోని ఖాతాదారుకు పంపవలసిన ఈమెయిల్‌ను పంపే ముందు నాకు తెచ్చి చూపించాడు. శనివారం రాత్రి సర్వరు నాలుగు గంటలపాటు ఆగిపోతుందని, ఈలోగా వాళ్ల పనులు ముగించుకొమ్మని చెప్పడం అతని ఉద్దేశం. అతను రాసిన మొదటి వాక్యం ఇది: ‘ఐ యామ్ గివింగ్ యూ వార్నింగ్ దట్ సర్వర్ విల్ బి డౌన్ ఆన్ సాటర్‌డే.’ ఒక ‘ఎ’, ఒక ‘ది’ లేకపోవడం తప్ప వ్యాకరణపరంగా ఇందులో పెద్ద లోపమేమీ లేదు. కానీ దాన్ని చదివిన మనిషికి తానేదో తప్పు చేసినట్టు, ఇంకోసారి చేస్తే ఊరుకోమని ఎదుటివాళ్లు వేలు చూపిస్తున్నట్టు అనిపిస్తుంది. సాయం చేయడానికి రాసిన ఉత్తరం తగాదాకు వచ్చినట్టు తయారైంది. అతనికి ఆ రోజు కావలసిన మాట ‘గివ్ ఎ హెడ్స్-అప్’. రాబోయే విషయాన్ని ముందే చెప్పి, ఎదుటివారు సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వడం అని దాని అర్థం. తెలుగులో మనం ‘ఒక మాట చెవిన వేస్తున్నాను’ అంటామే, సరిగ్గా అదే.

చాలామంది ఈ మాటను ‘వార్నింగ్’కు మెత్తని రూపంగా నేర్చుకుంటారు. అక్కడే పొరపాటు మొదలవుతుందని నా అభిప్రాయం. దాన్ని ‘చెవిన వేయడం’గా నేర్చుకుంటే ఎక్కడ వాడాలో, ఎప్పుడు వాడకూడదో, వాక్యంలో ఏమేమి ఉండాలో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది. కింది మెట్లను ఈ క్రమంలోనే చదవండి. ఏడో మెట్టు మాత్రం ‘వార్న్’ అనే క్రియకు సంబంధించినది. హెడ్స్-అప్ సరిపోని చోట దాని దగ్గరికి వెళ్లక తప్పదు, మనవాళ్లు అత్యంత ప్రమాదకరమైన తప్పు చేసేది కూడా అక్కడే.

మొదటి మెట్టు: ముందు తెలుగు క్రియను తేల్చుకోండి

ఇంగ్లిష్ వాక్యం మొదలుపెట్టే ముందు, అదే సంగతిని ఇంట్లోవాళ్లతో చెప్పవలసి వస్తే ఏ గొంతుతో చెబుతారో ఒక్క క్షణం ఆలోచించండి. ‘వదినా, రేపు కుళాయి రాదట, ఇవాళే నాలుగు బిందెలు పట్టి పెట్టుకోండి’ అంటే అది చెవిన వేయడం, ఇంగ్లిష్‌లో హెడ్స్-అప్. ‘అక్కడ కరెంటు తీగ తెగి పడి ఉంది, అటు వెళ్లకండి’ అంటే అది హెచ్చరించడం, ఇంగ్లిష్‌లో ‘వార్న్’. ‘ఇంకోసారి ఆలస్యంగా వస్తే జీతం కోస్తాను’ అంటే అది బెదిరింపు. ఇంగ్లిష్‌లో ‘గివ్ సమ్‌వన్ ఎ వార్నింగ్’ అనో, ఇంకా గట్టిగా ‘ఐ యామ్ వార్నింగ్ యూ’ అనో అంటారు.

తెలుగులోకి వచ్చిన ‘వార్నింగ్’ అనే మాట తన అర్థాల్లో ఒక్క మూడోదాన్నే వెంట తెచ్చుకుంది. వార్తాపత్రికల శీర్షికల్లో, టీవీ కింద పరుగెత్తే అక్షరాల్లో ‘స్ట్రాంగ్ వార్నింగ్’, ‘స్వీట్ వార్నింగ్’, ‘మాస్ వార్నింగ్’ అని రోజూ చూస్తున్నాం. వాటన్నింటిలోనూ ఒకరు ఇంకొకరి మీద గుడ్లురుముతున్నారు. ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఇంకా విశాలమైన బతుకు ఉంది. సిగరెట్ పెట్టె మీద ముద్రించే ఆరోగ్య హెచ్చరిక కూడా అక్కడ ‘వార్నింగ్’ అనే పేరుతోనే ఉంటుంది. మన దేశంలో 2016 నుంచి అది పెట్టె ముందు వెనుక భాగాల్లో 85 శాతం మేర ఉండాలన్న నియమం అమలవుతోంది. అందులో కోపం లేదు, మేలు కోరడమే ఉంది. అయినా ‘గివ్ యూ ఎ వార్నింగ్’ అని ఒక మనిషి ఇంకొక మనిషితో అన్నప్పుడు, అందులోనూ ఉద్యోగ సంబంధమైన ఉత్తరంలో అన్నప్పుడు, ఇంగ్లిష్ పాఠకుడికి ముందుగా తోచేది క్రమశిక్షణ చర్యే. మన కార్యాలయాల్లో మెమో చేతికి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రెండో మెట్టు: మాట రూపం సరిగ్గా పట్టుకోండి

‘హెడ్స్ అప్!’ అనేది మొదట ఒక కేక. పైనుంచి ఏదో పడబోతున్నప్పుడో, బంతి దూసుకొస్తున్నప్పుడో, తల ఎత్తి చూసుకోండని చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా వేసే కేక. ఇల్లు కడుతున్న చోట రెండో అంతస్తు నుంచి సెంట్రింగ్ చెక్క జారితే మన మేస్త్రి ‘జరగండి, జరగండి’ అని అరుస్తాడు. మేస్త్రి కేక కాళ్లను కదలమంటుంది, ఇంగ్లిష్ కేక తలను లేపమంటుంది. రెండింటి పనీ ఒకటే: దెబ్బ తగలకముందే తెలియజేయడం. ఆ కేకే తరువాతి కాలంలో నామవాచకంగా మారి, ముందస్తుగా అందే సమాచారానికి పేరైంది.

ఈ పుట్టుక గుర్తుంటే అక్షరాలు తప్పవు. కేక వేసేది చుట్టూ ఉన్న అందరి తలల కోసం కనుక ‘హెడ్’ చివర ‘ఎస్’ ఉండి తీరాలి. ఒక్కరికే చెబుతున్నా ‘హెడ్-అప్’ అనకూడదు. విమానం నడిపేవారి కళ్ల ఎదుట అంకెలు కనిపించే ఏర్పాటును బ్రిటన్‌లో ‘హెడ్-అప్ డిస్‌ప్లే’ అంటారు. అది వేరే వస్తువు, దాన్ని చూసి ఇక్కడ ‘ఎస్’ తీసేయవద్దు. ‘ఎస్’తో పాటు ‘అప్’ కూడా జారిపోయి ‘గివ్ హెడ్’ అని మిగిలితే అది అసభ్యమైన మాట అవుతుంది కాబట్టి, తొందరలో టైపు చేసేటప్పుడు ఈ ఒక్క చోట మరోసారి చూసుకోవడం మంచిది. ‘హెడ్’కు, ‘ఎస్’కు మధ్య అపాస్ట్రఫీ పెట్టడం ఇంకొక తరచు తప్పు. అలా పెడితే ‘తల యొక్క’ అనో, ‘తల ఉంది’ అనో అర్థం వస్తుంది.

నామవాచకంగా వాడేటప్పుడు రెండు మాటల మధ్య హైఫన్ పెట్టండి, కేకగా వాడేటప్పుడు అక్కర్లేదు. ‘హెడ్స్’ చూడడానికి బహువచనంలా ఉన్నా మొత్తం మాట ఏకవచనమే కనుక ముందు ‘ఎ’ చేర్చాలి. ‘గివ్ మి హెడ్స్-అప్’ అని మన కార్యాలయాల్లో నిత్యం వినిపిస్తుంది. ‘గివ్ మి ఎ హెడ్స్-అప్’ అన్నదే సరైనది. తెలుగులో ఇలాంటి చిన్న మాట ఏదీ లేదు కాబట్టి దాన్ని వదిలేయడం మనకు సహజం. అందుకే ‘ఎ హెడ్స్-అప్’ అనే మొత్తాన్ని ఒకే మాటగా నోటికి అలవాటు చేసుకోవడం మేలు. బహువచనం అవసరమైతే ‘హెడ్స్-అప్స్’ అవుతుంది గాని, ఆ అవసరం చాలా అరుదు.

మూడో మెట్టు: వాక్యాన్ని కట్టే తీరు

ఈ మాటకు తోడుగా వచ్చే క్రియ ‘గివ్’. క్రమం ఇలా ఉంటుంది: ఎవరు, గివ్, ఎవరికి, ఎ హెడ్స్-అప్, ఆ తరువాత విషయం. ‘ఐ వాంటెడ్ టు గివ్ యూ ఎ హెడ్స్-అప్ ఎబౌట్ ది మీటింగ్.’ ఇక్కడ ‘యూ’ ముందు ‘టు’ రాలేదు గమనించండి. తెలుగులో ‘మీకు’ అనే మాటలో ఉన్న ‘కు’ మన చేత ‘టు యూ’ అనిపిస్తుంది. ‘గివ్ టు యూ ఎ హెడ్స్-అప్’ అన్నది ఇంగ్లిష్ కాదు. అందుకోవలసినవారి పేరు పొడవుగా ఉంటే మాత్రం వెనక్కి జరిపి ‘టు’ చేర్చవచ్చు: ‘ప్లీజ్ గివ్ ఎ హెడ్స్-అప్ టు ఎవ్రీవన్ ఆన్ ది నైట్ షిఫ్ట్.’

విషయాన్ని చేర్చడానికి రెండు దారులున్నాయి. విషయం ఒక నామవాచకమైతే ‘ఎబౌట్’ లేదా ‘ఆన్’. పూర్తి వాక్యమైతే ‘దట్’. ‘షి గేవ్ మి ఎ హెడ్స్-అప్ దట్ ది ఆడిటర్స్ వర్ కమింగ్’ అంటే, ఆడిటర్లు వస్తున్నారని ఆవిడ నా చెవిన వేసింది. ఈ వాక్యంలో వెనకటి కాలం రెండు చోట్లా వచ్చింది, ‘గేవ్’ ఉంది కనుక ‘ఆర్ కమింగ్’ కాస్తా ‘వర్ కమింగ్’ అయింది. మాట అందుకున్నవారి వైపు నుంచి చెప్పాలంటే ‘ఐ గాట్ ఎ హెడ్స్-అప్ ఫ్రమ్ హర్’ అనవచ్చు.

దీన్ని నేరుగా క్రియగా మార్చి ‘ఐ విల్ హెడ్స్-అప్ యూ’ అనడం సరి కాదు. ‘అడ్వాన్స్ హెడ్స్-అప్’, ‘ప్రయర్ హెడ్స్-అప్’ అనడం కూడా అనవసరం, ఎందుకంటే ముందుగా అనే అర్థం ఆ మాట కడుపులోనే ఉంది.

నాలుగో మెట్టు: ఆ ఈమెయిల్‌ను తిరగరాయడం

ఇప్పుడు ఆ కుర్రవాడి ఉత్తరం దగ్గరికి తిరిగి వద్దాం. అతని పక్కన కూర్చుని నేను మొదట ఇంగ్లిష్ జోలికి పోలేదు. ఆ ఖాతాదారు మీ ఊళ్లో పక్కింటి పెద్దాయన అనుకుని, ఈ సంగతి ఆయనకు తెలుగులో ఎలా చెబుతావో చెప్పమన్నాను. అతను వెంటనే ‘అంకుల్, శనివారం రాత్రి పది నుంచి రెండు దాకా సర్వరు ఉండదండీ, మీ రిపోర్టులేమైనా ఉంటే సాయంత్రంలోగా తీసేసుకోండి’ అన్నాడు. చక్కని హెడ్స్-అప్ అది. ఏం జరగబోతోంది, ఎప్పుడు, అందుకు వినేవారు ఏం చేసుకోవాలి అనే మూడూ అందులో ఉన్నాయి. అతని మొదటి ఇంగ్లిష్ వాక్యంలో మూడోది లేదు, రెండోది సగమే ఉంది.

తిరగరాసిన తరువాత ఉత్తరం ఇలా వచ్చింది: ‘జస్ట్ ఎ హెడ్స్-అప్ దట్ ది సర్వర్ విల్ బి డౌన్ ఆన్ సాటర్‌డే నైట్, ఫ్రమ్ టెన్ టు టు, ఇండియన్ టైమ్. ఇఫ్ యూ నీడ్ ఎనీ రిపోర్ట్స్, ప్లీజ్ డౌన్‌లోడ్ దెమ్ బిఫోర్ దెన్.’ రెండే వాక్యాలు. ‘జస్ట్’ అనే చిన్న మాట ‘ఊరికే చెవిన వేస్తున్నాను’ అనడంలోని ‘ఊరికే’ చేసే పనే చేస్తోంది: కంగారు పడవలసినదేమీ లేదని చెప్పడం. ‘ఇండియన్ టైమ్’ అని చేర్చడం నా సలహా. వేరే దేశంలో ఉన్నవారికి గంటలు మాత్రమే చెప్పి గడియారం ఎవరిదో చెప్పకపోతే, ఆ సమాచారం సగమే అందినట్టు.

మూడు భాగాల్లో మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది చివరిదే. ఏం చేయాలో చెబితే పెత్తనం చేసినట్టు ఉంటుందేమోనని సంకోచిస్తారు. ‘ఇఫ్ యూ నీడ్’ అని మొదలుపెడితే ఆ పెత్తనం పోతుంది, ఎందుకంటే అవసరముందో లేదో తేల్చుకునే హక్కు చదివేవారికే వదిలిపెట్టాం. ఒకవేళ వాళ్లు చేయవలసినది నిజంగా ఏమీ లేకపోతే, ఆ మాట కూడా చెప్పేయండి: ‘నో యాక్షన్ ఈజ్ నీడెడ్ ఫ్రమ్ యూ.’ దానితో అవతలివారికి ఒక బరువు దిగుతుంది.

అయిదో మెట్టు: సమయం చూసుకోండి

జరిగిపోయిన దానికి హెడ్స్-అప్ ఉండదు. ‘జస్ట్ ఎ హెడ్స్-అప్, ది సర్వర్ వాజ్ డౌన్ యస్టర్‌డే’ అని రాస్తే, చెక్క నెత్తిన పడ్డాక ‘జరగండి’ అన్నట్టు ఉంటుంది. అక్కడ ‘ఐ వాంటెడ్ టు లెట్ యూ నో’ అనాలి. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉంది. జరిగిన సంగతి వల్ల రాబోయే ఫలితం గురించి చెబుతున్నప్పుడు ఈ మాట చక్కగా ఒదుగుతుంది. నిన్న సర్వరు ఆగిపోయింది కాబట్టి ఇవాళ నివేదిక ఆలస్యమవుతుందని చెప్పడం హెడ్స్-అప్పే, ఎందుకంటే ఆలస్యం ఇంకా రావలసి ఉంది.

అలాగే, సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వకుండా చెప్పేది పేరుకే హెడ్స్-అప్ అవుతుంది. సమావేశానికి అయిదు నిమిషాల ముందు ‘గివ్ యూ ఎ హెడ్స్-అప్’ అంటూ ముప్పై పేజీలు పంపేవారిని నేను చూశాను. భాష తప్పు కాదు గాని, ఆ మాటకున్న ఆత్మ అందులో లేదు.

ఆరో మెట్టు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

హెడ్స్-అప్ చనువున్న మాట. తోటి ఉద్యోగులకు, పై అధికారికి, రోజూ మాట్లాడే ఖాతాదారుకు, స్నేహితులకు నిరభ్యంతరంగా రాయవచ్చు. పై అధికారికి వాడితే మర్యాద తక్కువవుతుందన్న భయం అక్కర్లేదు. చట్టంతో, ప్రాణాలతో, ఉద్యోగం పోవడంతో, చావుతో ముడిపడిన సంగతులకు మాత్రం వాడకూడదు. ఒకరి ఉద్యోగం తీసేయబోతున్నామని చెప్పే ఉత్తరాన్ని ‘జస్ట్ ఎ హెడ్స్-అప్’ అని మొదలుపెడితే అది క్రూరత్వం. తప్పును ఎత్తిచూపే చోట కూడా వద్దు. ‘జస్ట్ ఎ హెడ్స్-అప్, దిస్ ఈజ్ ది థర్డ్ టైమ్ యూ హావ్ మిస్డ్ ది డెడ్‌లైన్’ అనే వాక్యంలో మెత్తని మాట చాటున ముల్లు ఉంది, చదివేవారికి అది గుచ్చుకుంటుంది.

ప్రాణాలతో ముడిపడిన చోట ఇంగ్లిష్ ఏ మాట వాడుతుందో చూడడానికి గోదావరి ఒడ్డు మనకు మంచి పాఠశాల. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. ఇంగ్లిష్‌లో దీన్ని ‘ది ఫస్ట్ వార్నింగ్ వాజ్ ఇష్యూడ్ యాట్ 43 ఫీట్’ అని రాస్తారు. ప్రభుత్వం, అధికారులు ఇచ్చేటప్పుడు క్రియ ‘ఇష్యూ’ అని గమనించండి. మన ‘జారీ చేయడం’ దానికి అచ్చంగా సరిపోతుంది. నీరు తగ్గాక హెచ్చరికను ఉపసంహరిస్తే ‘ది వార్నింగ్ వాజ్ విత్‌డ్రాన్’ అంటారు. అదే రోజు ఎగువన ఏటూరునాగారంలో ఉన్న అన్న భద్రాచలంలోని చెల్లెలికి ఫోన్ చేసి ‘ఇక్కడ నీళ్లు బాగా పెరుగుతున్నాయమ్మా, రేపటికి మీ దగ్గరికి వచ్చేస్తాయి, బియ్యం, కాగితాలు మేడ మీదకు చేర్చుకో’ అంటే అది హెడ్స్-అప్. నది ఒకటే, నీరు ఒకటే, చెప్పే గొంతు వేరు.

వాతావరణ శాఖ వాడే ఇంగ్లిష్‌లో ఈ మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావని కూడా తెలుసుకోవాలి. రంగుల సంకేతాల్లో పసుపు అంటే ‘వాచ్’, నారింజ అంటే ‘అలర్ట్’, ఎరుపు అంటే ‘వార్నింగ్’. తుపాను వచ్చేటప్పుడు దాని ప్రభావం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు వెలువడేది ‘సైక్లోన్ అలర్ట్’, కనీసం 24 గంటల ముందు వెలువడేది ‘సైక్లోన్ వార్నింగ్’. అంటే ఈ రెండింటిలో అలర్ట్ ముందు వచ్చేది, వార్నింగ్ తరువాత వచ్చేది. తెలుగులో రెండింటినీ ‘హెచ్చరిక’ అనేస్తాం కాబట్టి, ఇంగ్లిష్ నివేదిక రాసే విలేకరులు, అనువాదకులు ఒకదాని చోట ఇంకొకటి పెట్టకుండా జాగ్రత్తపడాలి.

ఏడో మెట్టు: ‘వార్న్’ అవసరమైనప్పుడు

ప్రమాదం నిజమైనదై, చనువు మాట చాలనప్పుడు ‘వార్న్’ దగ్గరికి వెళ్లాలి. ఈ క్రియ పాత ఇంగ్లిష్‌లోని ‘వార్నియన్’ నుంచి వచ్చింది; ‘అవేర్’, ‘బివేర్’ దీని చుట్టాలు. అంటే దీని వేరులో ఉన్నది కోపం కాదు, మెలకువ. మన గేట్ల మీద ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని రాసి, కింద ‘బివేర్ ఆఫ్ డాగ్స్’ అని ఉంటుందే, ఆ ‘జాగ్రత్త’ ఈ కుటుంబం మొత్తానికి సరైన తెలుగు.

‘వార్న్’ తరువాత మనిషి నేరుగా రావాలి, మధ్యలో ‘టు’ ఉండకూడదు. ‘ది డాక్టర్ వార్న్డ్ మి’ సరైనది, ‘వార్న్డ్ టు మి’ తప్పు. దీనికి తెలుగులోనే ఒక తేలికైన ఆధారం ఉంది. ‘నాకు వార్నింగ్ ఇచ్చాడు’ అనుకుంటే ‘కు’ వచ్చి ‘టు’ను లాక్కొస్తుంది, ‘నన్ను హెచ్చరించాడు’ అనుకుంటే ‘ను’ వస్తుంది, దానికి ఇంగ్లిష్‌లో విభక్తి ఏదీ అక్కర్లేదు. కాబట్టి మనసులో ఎప్పుడూ ‘హెచ్చరించు’ అనే అనుకోండి.

మనిషి తరువాత విషయం వస్తుంది. ఉన్న ఇబ్బంది గురించి చెబితే ‘ఎబౌట్’: ‘షి వార్న్డ్ మి ఎబౌట్ ది ట్రాఫిక్.’ ముంచుకొస్తున్న ప్రమాదం గురించి, కాస్త గంభీరంగా చెబితే ‘ఆఫ్’: ‘ది డిపార్ట్‌మెంట్ వార్న్డ్ అస్ ఆఫ్ హెవీ రెయిన్.’ పూర్తి వాక్యమైతే ‘దట్’. ఈ మూడింటితో పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా ‘వద్దు’ అని చెప్పే చోట ఉంది. తుపాను సమయంలో తెలుగు పత్రికలు రాసే వాక్యం మనందరికీ తెలిసిందే: ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదని వాతావరణ శాఖ హెచ్చరించింది.’ దీన్ని ఇంగ్లిష్‌లో రెండు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది: ‘ది డిపార్ట్‌మెంట్ వార్న్డ్ ఫిషర్‌మెన్ నాట్ టు వెంచర్ ఇంటు ది సీ.’ రెండోది: ‘ది డిపార్ట్‌మెంట్ వార్న్డ్ ఫిషర్‌మెన్ అగైన్స్ట్ వెంచరింగ్ ఇంటు ది సీ.’ మొదటి దానిలో ‘నాట్’ ఉంది, రెండో దానిలో లేదు. ఎందుకంటే ‘అగైన్స్ట్’ అనే మాటలోనే ‘వద్దు’ దాగి ఉంది. తెలుగు వాక్యంలో ‘వెళ్లరాదు’ అనే వ్యతిరేక రూపం ఉంది కదా అని, దాన్ని కూడా వెంట తీసుకుపోయి ‘వార్న్డ్ ఫిషర్‌మెన్ అగైన్స్ట్ నాట్ వెంచరింగ్ ఇంటు ది సీ’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది: వేటకు వెళ్లకుండా ఉండవద్దని, అంటే వెళ్లి తీరాలని శాఖ చెప్పినట్టు అవుతుంది. ఒక్క ‘నాట్’ వల్ల ఒడ్డున ఉండవలసిన పడవను అలల్లోకి తోసినట్టే. సాధారణ ఉత్తరాల్లో ఈ తప్పును చదివేవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. యంత్రం పక్కన అంటించే సూచనల్లో, మందుల కాగితంలో, ప్రమాద ప్రకటనలో అలా సర్దుకునే అవకాశం ఉండదు.

అందువల్ల వాక్యం పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. ‘అగైన్స్ట్’ను చెరిపి దాని చోట ‘వద్దు’ అని తెలుగులో పెట్టి చదవండి. ‘సముద్రంలోకి వెళ్లడం, వద్దు’ అని వస్తే సరి. ‘వెళ్లకపోవడం, వద్దు’ అని వస్తే ‘నాట్’ను కొట్టేయండి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: ‘నాట్ టు’ అనవలసిన చోట ‘నాట్’ను మరిచి ‘వార్న్డ్ ఫిషర్‌మెన్ టు వెంచర్’ అని రాయడం. దాని ఫలితమూ అంతే ప్రమాదకరం. ఇక ‘వార్న్డ్ దెమ్ ఫ్రమ్ గోయింగ్’ అని మన దగ్గర వాడుకలో ఉన్న రూపం బయటి పాఠకులకు తప్పుగా కనిపిస్తుంది. ‘ప్రివెంట్’ తరువాత ‘ఫ్రమ్’ వస్తుంది కనుక దాన్ని చూసి ఇది పుట్టినట్టుంది.

‘ఐ యామ్ వార్నింగ్ యూ’ గురించి ఒక మాట. ఎదురుగా ఉన్న మనిషితో వర్తమాన కాలంలో ఇలా అంటే, అది తెలుగులో ‘వార్నింగ్ ఇస్తున్నా’ అన్నంత పదునుగా ఉంటుంది. మేలు కోరి చెబుతున్నప్పుడు ‘ఐ షుడ్ వార్న్ యూ దట్’ అని మొదలుపెట్టండి. ‘ముందే చెప్పడం నా బాధ్యత’ అనే ధ్వని దానిలో వస్తుంది, పదును పోతుంది.

మన కార్యాలయాల్లో ‘కైండ్లీ ఇంటిమేట్ అస్’ అనే వాడుక కూడా ఉంది. భారతదేశంలో దానికి ‘తెలియజేయండి’ అనే అర్థం స్థిరపడింది గాని, బయటి పాఠకుడికి ఆ క్రియ ‘సూచనప్రాయంగా చెప్పడం’ అనే అర్థాన్నిస్తుంది, అవే అక్షరాలున్న విశేషణమైతే సన్నిహిత బంధాన్ని గుర్తు చేస్తుంది. దాని చోట ‘ప్లీజ్ లెట్ అస్ నో’ రాస్తే ఏ దేశంలోనైనా ఒకే అర్థం వస్తుంది.

ఎనిమిదో మెట్టు: మీకు అందినప్పుడు జవాబు

ఎవరైనా మీకు హెడ్స్-అప్ ఇస్తే ‘థ్యాంక్స్ ఫర్ ది హెడ్స్-అప్’ అని జవాబివ్వాలి. ఇక్కడ ‘ఎ’ కాదు, ‘ది’. మీ ఇద్దరికీ తెలిసిన ఆ ఒక్క సమాచారం గురించే మాట్లాడుతున్నారు కనుక. చెప్పినదాని ప్రకారం మీరేం చేయబోతున్నారో ఒక వాక్యం జోడిస్తే, వారు తీసుకున్న శ్రమ వృథా కాలేదని తెలుస్తుంది. ఆ శనివారం ఉత్తరానికి అవతలి నుంచి వచ్చిన జవాబు సరిగ్గా ఆ రూపంలోనే ఉంది: ‘థ్యాంక్స్ ఫర్ ది హెడ్స్-అప్. వి విల్ రన్ ది రిపోర్ట్స్ ఆన్ ఫ్రైడే.’ ఆ కుర్రవాడు దాన్ని అచ్చు తీసి, తన కంప్యూటరు తెర పక్కన అంటించుకున్నాడు.